మైలన్న మూడుసార్లు చెప్పిన మాట

గోదావరి పాయ మధ్యలో రెల్లులంక అని ఒక దిబ్బ. ఎండాకాలం వస్తే గొర్రెల మంద అక్కడికి మేతకి పోయేది. ఇటు గట్టు మీద మైలన్న అనే ముసలి ఎద్దు ఉండేవాడు. వయసులో ఉండగా ఆ పాయకి అడ్డంగా బండి లాగినవాడు. నీళ్ళ అడుగున గట్టి ఇసకమేట ఎక్కడుందో, ఎక్కడ మెలి తిరుగుతుందో, ఎక్కడ అడుగు తప్పితే ఊబి మింగుతుందో ఆయన కాళ్ళకి తెలుసు. ఇప్పుడా కాళ్ళలో ఒకటి పట్టేసింది. గట్టు దిగడం మాట అటుంచి, లేచి నిలబడటానికే మూలుగు.

ఆ ఏడు వరద తొందరపడి వచ్చింది. మనుషులు పడవల కోసం పరిగెత్తారు గానీ, ఉన్న పడవలు మనుషులకే చాల్లేదు. మంద లంక మీదే ఉండిపోయింది. పొద్దున మేసిన చోటు మధ్యాహ్నానికి నీళ్ళలో ఉంది. పిల్లా తల్లీ అంతా దిబ్బ నడినెత్తికి చేరి ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. చీకటి పడేలోగా ఇవతలికి రాకపోతే ఆ నడినెత్తి కూడా ఉండదు.

దారి తెలిసినవాడు మైలన్న ఒక్కడే. కేకేద్దామంటే పాయ హోరు. చూపిద్దామంటే నిలువెత్తు రెల్లు. ఇక మిగిలింది గోరింకలు.

గోరింకల సంగతి కాస్త చెప్పాలి. మాట నేర్పితే అప్పజెప్పే పిట్టలే, కాదనను. కానీ ఒక్క పిట్టకి ఒక్క ముక్కే పడుతుంది. రెండోది చెప్పారా, మొదటిది మర్చిపోతుంది. దారిలో మిడత కనబడిందా, మాటా పోయె, పిట్టా పోయె. పోనీ అందజేసిందా అని అడిగితే, ‘ఎగిరాను కదా’ అంటుంది.

ఈ పిట్టల మీద పెత్తనం జంబులు అనే నక్కది. చెదపుట్టలు తవ్వి పురుగులు మేపుతాడు కాబట్టి గోరింకలు ఆయన చుట్టూ తిరిగేవి. నక్క పుట్టి నాలుగు ఆదివారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ చూళ్ళేదందట. ఈ జంబులు అదే బాపతు. అన్నీ తెలిసినట్టే మాట్లాడతాడు.

"ఏం మామా, మొహం అలా వేలాడేశావు?" అన్నాడు జంబులు.

"మందకి దారి చెప్పాలి అల్లుడూ. ముందుకి ఇంత, ఎడమకి ఇంత, మళ్ళీ కుడికి ఇంత. చాంతాడంత ఉంది. పిట్టకేమో ఒక్క ముక్కే పడుతుంది."

"దానికేముంది! ఎన్ని ముక్కలో అన్ని పిట్టలు. అన్నిట్నీ ఒక్కసారే ఎగరేద్దాం."

"వరసలో చేరతాయా?"

"రెక్కలున్నవి మామా, చేరక చస్తాయా?"

"చేరాయని మనకి తెలిసేదెలా?"

జంబులు నవ్వాడు. "పంపుతున్నాంగా! పంపితే చేరినట్టే. ఇన్నాళ్ళ నుంచీ ఈ పనిలో ఉన్నాను, పంపాక ఇంకా దాని వెంటబడే వెర్రివాణ్ణి నిన్నే చూస్తున్నా."

కింది వంపు దగ్గర ఒక బురద మేట ఉంది. పాయలో మునిగింది ఏదైనా అక్కడికే కొట్టుకొస్తుంది. ఆ సంగతి జంబులుకి తెలుసు. మైలన్నకీ తెలుసు గానీ, ఆయన ధ్యాసంతా లంక మీదుంది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు, సరే కానియ్యి అన్నాడు.

పిట్టలు గుంపుగా లేచాయి.

గొర్రెలకి అనుమానం అన్నది తల్లిపాలల్లోనే లేదు. మాట వచ్చిందా, నడవడమే. మళ్ళీ వచ్చిందా, మళ్ళీ నడవడమే. వెనక చేరాల్సిన గోరింక ముందు చేరింది. "కుడికి తిరిగి మంద పొడవు నడవండి" అంది. కుడికి నడిచారు. మొదట చేరాల్సింది తర్వాత వచ్చి "ముందుకి మంద పొడవు" అంది. ముందుకి నడిచారు. మధ్యలో ఒకటి రానేలేదు. అది ఎక్కడో మిడతల విందులో ఉంది.

మందకి ముందు నడిచింది బొల్లయ్య అనే పొట్టేలు. మంద పెద్ద, పోలమ్మ అనే గొర్రెకి పెనిమిటి. మోకాళ్ళ దాకా దిగబడ్డాడు, పొట్ట దాకా దిగబడ్డాడు, "వెనక్కి పొండి" అని ఒక్క కేక వేశాడు. ఊబి వదిలితే వరద పట్టుకుంది. మిగిలినవాళ్ళు పడుతూ లేస్తూ దిబ్బకి చేరారు.

కాసేపటికి ఒక గోరింక గట్టు మీద వాలింది.

"బొల్లయ్య పోయాడు" అంది. దానికి పట్టేది అంతే.

మైలన్న నోట్లో నెమరు అలాగే ఉండిపోయింది. "నేనే చంపానురా వాణ్ణి" అన్నాడు.

"అయ్యో, ఎంత ఘోరం!" అన్నాడు జంబులు. "ఉండు మామా, కింది వంపు దాకా పోయి చూసొస్తా. ఎక్కడైనా ఒడ్డుకి చేరాడేమో పాపం." అంటూనే బయల్దేరాడు. వెళ్తున్నవాడి నడకలో విచారం లేదు. మైలన్న ఆ తోక రెల్లులో మాయమయ్యేదాకా చూశాడు. అప్పటికి గానీ ఆయనకి అర్థం కాలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఇక్కడ నేనొక్క మాట అనకపోతే ఉండలేను. నేను కాలేజీలో నెట్‌వర్కుల ల్యాబు చూస్తాను. ఏటా కొత్త కుర్రాళ్ళు, ఏటా పాత తప్పు. సి భాషలో కబురు పంపడానికి డేటాగ్రామ్ సాకెట్ అనే కిటికీ తెరుస్తారు, పంపమని సెండ్‌టూని పిలుస్తారు, అది ఇన్ని బైట్లు తీసుకున్నానని ఒక అంకె వెనక్కిస్తుంది. వెంటనే "అందింది సార్!" అంటారు. అందలేదు నాయనా. గోరింక ఎగిరింది, అంతే. ఈ కథ ఏటా చెప్తాను. చెప్పి చెప్పి నాకే ఆవలింతలు వస్తున్నాయి. అయినా చెప్తాను, మైలన్న కంటే నేనేమంత గొప్పవాణ్ణి?

మైలన్న కుంటుకుంటూ పోయి కొమ్ముతో ఒక చెదపుట్ట పొడిచాడు. గోరింకలు కిలకిలమంటూ దిగాయి.

"పెత్తనం మారిందా తాతా?" అంది ఒకటి.

"మారింది. తినండి. తిన్నాక పని ఉంది."

"ఎక్కువ చెప్పకు, నాకు పట్టదు."

"తెలుసమ్మా. ఒక్కటే చెప్తాను. మాట అందితే ఉన్నిపోగు పంపు. పోలమ్మతో అను, పో."

అది పోయింది. మైలన్న నెమరు మొదలుపెట్టాడు. ఒక ముద్ద నమిలి మింగేంతసేపు చూశాడు. రాలేదు. ఇంకో పిట్టతో అదే మాట పంపాడు. మళ్ళీ ఒక ముద్ద. రాలేదు. మళ్ళీ పంపాడు. చివరికి ఒక గోరింక ముక్కున తెల్లటి ఉన్నిపోగు వేలాడేసుకుని వచ్చింది. ఎద్దు దాన్ని వాసన చూశాడు. గొర్రె వాసన. పిట్ట మాట నమ్మక్కర్లేదు. పోలమ్మ విన్నదని ఇప్పుడు తెలిసింది.

"ఇహ ఒక్కో ముక్కా పంపుతాను. పోగు వస్తేనే రెండోది" అనుకున్నాడు.

"ముందుకి మంద పొడవు నడవండి." పిట్ట పోయింది. పోగు వచ్చింది. మైలన్న ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎడమకి తిరిగి మంద పొడవు నడవండి." పిట్ట పోయింది. ఒక ముద్ద నెమరు అయింది. పోగు లేదు. అందలేదు కాబోలు అనుకుని ఇంకో పిట్టతో అదే మాట పంపాడు. ఈసారి పోగు వచ్చింది. దాని వెనకే ఇంకో పిట్ట కంగారుగా వచ్చి పడింది.

"రెండుసార్లు ఎందుకు చెప్పావు?" అంది. అది పోలమ్మ మాట. గొంతులో ఏడుపు కూడా పోలమ్మదే.

జరిగిందేమిటంటే, మొదటి పిట్ట మాట అందజేసింది. మంద ఎడమకి నడిచింది. పోలమ్మ పోగు కూడా ఇచ్చింది. ఆ పోగు తెస్తున్న పిట్టని గద్ద తరిమితే, అది పోగు వదిలేసి చెట్ల పాలైంది. మాట పోలేదు, జవాబు పోయింది. ఆ సంగతి గట్టు మీదున్న ఎద్దుకి ఎలా తెలుస్తుంది? ఆయన మళ్ళీ చెప్పాడు. గొర్రెలు మళ్ళీ తిరిగి నడిచాయి, ఊబిలోకి. ఒక పిల్ల మెడ దాకా దిగిపోతే పోలమ్మ చెవి పట్టుకుని ఈడ్చింది. అందరూ మళ్ళీ దిబ్బకి చేరారు. దిబ్బ ఈసారి ఇంకా చిన్నగా ఉంది.

మైలన్న కూలబడ్డాడు. "చెప్పకపోతే చస్తారు, మళ్ళీ చెప్పినా చస్తారు. ఏం పాపం చేశానురా దేవుడా!"

పక్కన పురుగులేరుకుంటున్న గోరింక తలెత్తింది. "వాళ్ళకేం తెలుస్తుంది తాతా, పాత మాటో కొత్త మాటో? నా మొహం చూసి చెప్పగలరా? మేమంతా ఒక్కలాగే ఉంటాం."

ఎద్దు దానికేసి చూశాడు. పిట్టకి ఆ మాట అన్న సంగతి కూడా అప్పుడే గుర్తులేదు. మళ్ళీ పురుగుల్లో పడింది. మైలన్న మాత్రం మూలుగుతూ లేచాడు. గట్టు వార తంగేడు పూసి ఉంది, పచ్చగా. దాని పక్కనే రెల్లు పూసి ఉంది, తెల్లగా.

"పువ్వు మారితేనే కదులు." ఇది మొదటి కబురు.

"మారకపోయినా పువ్వుకి పోగు చుట్టి పంపు." ఇది రెండోది.

ఈ రెండూ ఎన్నిసార్లు విన్నా నష్టం లేదు కాబట్టి, పోగులు వచ్చేదాకా పంపుతూనే ఉన్నాడు. పచ్చపువ్వు పట్టుకుని వచ్చిన పిట్ట మాట చేస్తే, తర్వాత తెల్లపువ్వు పిట్ట వచ్చేదాకా కదలకూడదు. మళ్ళీ పచ్చదే వస్తే అది పాత మాట, గట్టు మీదున్నవాడికి జవాబు అందలేదన్నమాట. పోగు ఆ పువ్వుకే చుట్టి పంపాలి, నోరు మూసుకుని నిలబడాలి. అంతే. గొర్రెకి కూడా పట్టే లెక్క.

మూడోసారి మంద దిబ్బ దిగింది. ముందు పోలమ్మ, వెనక పిల్లలు.

పచ్చపువ్వుతో "ముందుకి". పువ్వుకి పోగు చుట్టుకుని వచ్చింది.

తెల్లపువ్వుతో "ఎడమకి తిరిగి మంద పొడవు నడవండి". రాలేదు.

"గాలి ఎక్కువైంది తాతా" అంది గోరింక. "కాస్త ఆగి పంపరాదూ?"

"ఆగాను కదే, ముద్ద మింగేదాకా."

"అందే ఉంటుందిలే. తర్వాతది పంపెయ్."

"ఉంటుందిలే అనుకునే బొల్లయ్యని పోగొట్టుకున్నాను. అదే మాట, అదే తెల్లపువ్వు. పో."

"ఇదెక్కడి చాకిరీ! చెప్పిందే చెప్పి, పోయిందే పోయి."

"నాకు మాత్రం సరదానా? నోరు ఎండిపోయింది, కాలు పీకేస్తోంది. పో తల్లీ, పో."

సరిగ్గా ఆ వేళకి జంబులు తిరిగొచ్చాడు. మీసాలు ఎర్రగా ఉన్నాయి. ఎద్దుకి కనబడకుండా రెల్లులో నక్కి చెవులు నిక్కబొడుచుకున్నాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం కదా, ఒక్క మాట పోనివ్వలేదు.

"ఎడమకి తిరిగి మంద పొడవు నడవండి" అన్నాడు మైలన్న. గొణుక్కుంటూనే ఆ పిట్ట ఎగిరింది.

ఒక ముద్ద నెమరు. పోగు లేదు.

"ఎడమకి తిరిగి మంద పొడవు నడవండి." ఇంకో పిట్ట.

జంబులు వేళ్ళు ముడిచాడు. ‘ఇందాక నేనొస్తుంటే ఒకటి ఎడమకి, ఎడమకి అని వల్లించుకుంటూ నెత్తి మీదుగా పోయింది. ఇవి రెండు. మొత్తం మూడు ఎడమలు. మొదటి ఎడమ ఎగువకి. రెండోది లంకవైపు. మూడోది దిగువకి! ఆహా, ముసలోడా! నాకు తెలియకుండా మందని కింది వంపు మీదుగా గట్టెక్కిస్తున్నావా? అక్కడా గట్టినేల ఉందన్నమాట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.’

పిట్టల ముక్కున పువ్వులు కూడా చూశాడు. ముసలితనంలో ఎద్దుకి ముచ్చట్లు ఎక్కువయ్యాయని నవ్వుకున్నాడు. చప్పుడు కాకుండా దిగువకి పరుగెత్తాడు. కింది వంపులో గొర్రెలు నడిచే చోట తను మాత్రం నడవలేడా? ఎదురెళ్ళి, పాలు మరవని పిల్లనొకదాన్ని మెడ పట్టుకుని లాక్కొస్తే సరి. బొల్లయ్య మాంసం ముదురుగా ఉంది, పళ్ళు నొప్పి పుట్టాయి.

ఇక్కడ గట్టు మీద తెల్లపువ్వు వచ్చింది, చుట్టూ ఉన్నిపోగుతో. లంక దారిలో పోలమ్మ ఒక్కసారే ఎడమకి తిరిగింది. తర్వాత వచ్చిన పిట్టల ముక్కున అదే తెల్లపువ్వు చూసి, "పాతదేనర్రా, కదలకండి" అంది. మంద మొత్తం పొట్ట లోతు నీళ్ళలో నిలబడింది. వెనక నుంచి ఒక ముసలి గొర్రె "అన్నిసార్లు చెప్తున్నాడే, పోనీ ఓ అడుగేద్దామా" అంటే, పోలమ్మ కళ్ళెర్రజేసింది. "ఇందాకటిదాకా నడిచి నడిచి ఏం బావుకున్నాం? నిలబడు."

పచ్చపువ్వుతో "ముందుకి". తెల్లపువ్వుతో "కుడికి". రెండు పోయి ఒకటి వచ్చింది, మూడు పోయి ఒకటి వచ్చింది. మైలన్న గొంతు బొంగురుపోయింది. నోట్లో నెమరు వేయడానికి గడ్డి కూడా అయిపోయింది. వట్టి దవడలే ఆడిస్తూ ఎంతసేపు ఆగాలో కొలుచుకున్నాడు.

చివరి ముక్క పచ్చపువ్వుతో పంపాడు. "నేరుగా గట్టెక్కండి."

పోగు రాలేదు.

మళ్ళీ పంపాడు. రాలేదు. పొద్దు వాలిపోతోంది. గూళ్ళకి పోయే వేళ అయిందని గోరింకలు ఒక్కొక్కటే జారుకుంటున్నాయి. మిగిలిన ఒక్క పిట్టని బతిమాలి పంపాడు. ఇక పిట్టలు లేవు. గట్టు అంచుకి పోయి, పాయ హోరులో ఎవరికీ వినబడదని తెలిసి కూడా, "నేరుగా గట్టెక్కండర్రా! నేరుగా గట్టెక్కండి!" అని అరవడం మొదలుపెట్టాడు.

"ఎంతసేపు అరుస్తావన్నా? ఇక్కడే ఉన్నాం."

రెల్లు తప్పించుకుని పోలమ్మ వచ్చింది. ఒళ్ళంతా బురద. వెనకే పిల్లలు, తల్లులు, ముసలి గొర్రె. మైలన్న ఒక్కొక్కళ్ళనీ ముట్టె పెట్టి చూశాడు. అందరూ ఉన్నారు, ఒక్క బొల్లయ్య తప్ప.

"పోగు పంపలేదేం చెల్లీ? ప్రాణం పోయిందనుకో."

"ఇద్దామంటే మీ పిట్ట ఆగిందా? చీకటి పడుతోందని పువ్వు అక్కడ పడేసి పోయింది. ఇంకెందుకు, మేమే వచ్చేశాం."

ఎద్దు ఆమె మూపు మీద బురద నాకాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

అప్పుడు కింది వంపు నుంచి ఒక కేక వినబడింది. గట్టు మీద నిలబడి చూస్తే, బురద మేట నడిమధ్య రెండు చెవులు, ఒక మూతి. జంబులు మెడ దాకా దిగిపోయి ఉన్నాడు. నీళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"మామా! ఇదేం మోసం మామా! ఇక్కడ గట్టినేల ఉండాలి కదా!"

"ఎవరు చెప్పారు?"

"నువ్వే! నా చెవులారా విన్నాను. మూడుసార్లు ఎడమకి తిప్పావు!"

మైలన్న అలసటగా తల ఊపాడు. "మూడుసార్లు చెప్పానురా జంబులూ. వాళ్ళు తిరిగింది ఒక్కసారే."

జంబులు నోరు తెరిచాడు. అందులోకి నీళ్ళు పోయాయి. ఉమ్మి, "లాగు మామా, నీ కాళ్ళు మొక్కుతా" అన్నాడు.

"నా కాలు సంగతి నీకు తెలుసుగా అల్లుడూ. అక్కడిదాకా దిగలేను." మైలన్న పోలమ్మ వైపు చూశాడు. "మంద దిగగలదు. దాని ఇష్టం."

పోలమ్మ గట్టు చివరికి వెళ్ళి నిలబడింది. కాసేపు జంబులు మీసాలకేసి చూసింది.

"మా ఆయన నీకెక్కడ దొరికాడు జంబులన్నా?" అంది.

జంబులు మీసాలు నీళ్ళలో ముంచేసుకున్నాడు.

పోలమ్మ వెనక్కి తిరిగి పిల్లల్ని తోలుకుని మెరకకి పోయింది. మైలన్న అక్కడే, తడి గట్టు మీదే ఒరిగిపోయాడు. లేచి పాకలోకి పోయే ఓపిక కూడా లేదు. కింది వంపు నుంచి ఇంకో రెండు కేకలు వినబడ్డాయి, తర్వాత పాయ హోరు ఒక్కటే.

నీతి: పంపడంతో పని తీరదు, అందిందన్న గుర్తు తిరిగొచ్చేదాకా చెప్పిందే చెప్పాలి, అది పాత మాటో కొత్త మాటో విన్నవాడికి తెలిసేలా చెప్పాలి.